గుంటలో పడిన పిల్లవాని మొర: స్టువర్టుపురం మనకు నేర్పే పాఠం



కొన్ని సంవత్సరాల క్రితం, క్రిస్మస్ వారంలో, ఇద్దరు సంఘ పెద్దలతో కలిసి మేము ఒక జైలుకు పరిచర్యకు వెళ్ళాం. ఏ జైలో ఇక్కడ చెప్పం. తప్పు మాది గనుక ఆ పేరుతో పని లేదు. దాదాపు నలభై మంది వరండాలో వరుసగా కూర్చున్నారు. పాటలు పాడాం. కేకు ముక్కలు కోసి పళ్ళెంలో సిద్ధంగా ఉంచుకున్నాం. "అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అన్నాం. అందరూ మూసుకున్నారు గానీ ఒక కుర్రవాడు మూసుకోలేదు. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. గోడకు వీపు ఆనించి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. రెండోసారి చెప్పాం. వినలేదు. మూడోసారి గొంతు పెంచి, "దేవుని సన్నిధిలోనైనా కాస్త భయం ఉండాలి తమ్ముడూ" అన్నాం. అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కేకు కూడా తీసుకోలేదు.

తిరిగి వస్తుంటే అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఒక వార్డరు గేటు దాకా మాతో నడిచి వచ్చాడు. "అయ్యగారూ, వాడు రాత్రిళ్ళు కూడా సరిగ్గా కళ్ళు మూయడండి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తాగొచ్చి, నిద్రపోతున్నవాడిని నిద్రలోనే కొట్టేవాడంట. పక్కన మనిషి ఉంటే కళ్ళు మూయలేడు. మీ మీద కోపం కాదండి" అన్నాడు.

ఊరు చేరేదాకా బస్సులో మేము ముగ్గురం మాట్లాడుకోలేదు. ప్రసంగం ఎలా సిద్ధపరచుకోవాలో మేము చదువుకున్నాం. పాపి పశ్చాత్తాపాన్ని గురించి ఎన్నో ఆదివారాలు చెప్పాం. కళ్ళు మూయలేని మనిషితో ఎలా ప్రార్థించాలో మాత్రం మాకు తెలియదు. ఆ రోజు మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం. ఇందులో కొంత మన డెల్టా చరిత్ర ఉంది, కొంత మన సంఘాల చరిత్ర కూడా ఉంది. ఓపికగా చదవండి.

గాయం గుర్తుపెట్టుకుంటుంది

దెబ్బ తగిలితే చర్మం మానుతుంది, మచ్చ మిగులుతుంది. మనసుకు తగిలిన దెబ్బ కూడా అంతే. దానిని ఇప్పుడు వైద్యులు 'ట్రామా' అంటున్నారు. మనం మనోగాయం అనుకుందాం. పెద్దవారికి తగిలిన గాయం వేరు, ఎదుగుతున్న పసిబిడ్డకు తగిలిన గాయం వేరు. లేత మొక్కను వంచితే అది వంగినట్టే పెరుగుతుంది గదా.

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు, వారి సహచరులు ఒక పరిశోధనను ప్రచురించారు. ఆసుపత్రికి వచ్చిన వేలాది మంది పెద్దవారిని వారు బాల్యం గురించి అడిగారు. ఇంట్లో కొట్టేవారా? అవమానించేవారా? లైంగికంగా హింసించారా? తల్లిని కొట్టడం చూశావా? ఇంట్లో తాగుబోతులు ఉన్నారా? మతి చెడినవారు, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు ఉన్నారా? ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్ళారా? ఇలాంటి అనుభవాలు నాలుగు రకాలు, అంతకు మించి ఉన్నవారిలో మద్యం, మత్తుమందులు, దిగులు జబ్బు, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ప్రమాదాలు, అవేమీ లేనివారితో పోలిస్తే 4 నుండి 12 రెట్లు ఎక్కువగా కనబడ్డాయి.

ఆ ప్రశ్నలలో చివరిదాన్ని మరొక్కసారి చదవండి. ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్ళారా? అంటే తండ్రి జైలుకు వెళ్ళడం తండ్రికి శిక్ష, బిడ్డకు గాయం. ఆ బిడ్డ ఏ నేరమూ చేయలేదు.

ఒక మాట ముందే స్పష్టంగా చెప్పాలి. బాల్యంలో దెబ్బతిన్న ప్రతివాడూ నేరస్థుడు కాడు. మన సంఘంలోనే ఎంతోమంది కష్టాల కొలిమిలో పెరిగి దేవుని కృపచేత నిలబడ్డారు. అలాగే గాయం ఉన్నంత మాత్రాన నేరం తప్పు కాకుండా పోదు. మెడలో పుస్తెలు తెంచుకుపోతే ఏడ్చిన తల్లి కూడా మన సహోదరియే. ఆమెకు న్యాయం జరగాలి. మేము అడిగేది ఒక్కటే: శిక్ష పడిన తరువాత, ఆ నాలుగు గోడల మధ్య, మనిషి పాత గాయం మానుతుందా, మళ్ళీ రేగుతుందా? ఈ ప్రశ్న వేసుకుని నడిపే విధానాన్నే ఇప్పుడు మనోగాయాన్ని ఎరిగిన విధానం అంటున్నారు. "నీలో ఏం చెడు ఉంది?" అని మొదలుపెట్టక, "నీకు ఏం జరిగింది?" అని అడిగే పద్ధతి అది.

ఈ ప్రశ్నను ఒక జాతి మొత్తాన్ని ఎన్నడూ అడగని చరిత్ర మనకు చాలా దగ్గరలోనే ఉంది.

రైలు ఆగే చిన్న స్టేషను

విజయవాడ నుండి చెన్నై వైపు పాసింజరు రైలులో వెళితే బాపట్ల దాటిన తరువాత, చీరాల రాకముందు, స్టువర్టుపురం అనే చిన్న స్టేషను వస్తుంది. ఆ పేరు వినగానే మన చిన్నతనంలో పెద్దలు సంచులు దగ్గరకు లాక్కునేవారు. అన్నం తినకపోతే స్టువర్టుపురం దొంగలు వస్తారని పిల్లల్ని బెదిరించేవారు. మేము కూడా అలా భయపడినవాళ్ళమే. అక్కడ కూడా అన్నం తినకుండా మారాం చేసే పిల్లలు ఉంటారని మాకు అప్పుడు తోచలేదు.

ఆ ఊరు దానంతట అది పుట్టలేదు. ప్రభుత్వం పుట్టించింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. కొన్ని కులాలు, కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం భావించింది. మొదట ఉత్తర హిందుస్థానంలో అమలైన ఈ పద్ధతి 1911 నాటి కొత్త చట్టంతో మన మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకలవారు ఈ జాబితాలోకి ఎక్కారు.

ఎవరు ఈ ఎరుకలవారు? గంపలు, బుట్టలు అల్లేవారు, పందులు పెంచేవారు, ఎరుక చెప్పేవారు. వారిలో ఉప్పు ఎరుకలవారు సముద్ర తీరం నుండి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు మోసుకెళ్ళి, అక్కడి ధాన్యం మార్చుకుని తెచ్చేవారు. ఊరికీ ఊరికీ మధ్య వారే బండి, వారే బజారు. తరువాత ఉప్పు మీద ప్రభుత్వపు పట్టు బిగిసింది. రైళ్ళు వచ్చి సరుకు మోయసాగాయి. 1876-78 నాటి ఘోరమైన కరువు వచ్చిపడింది. తరతరాల బ్రతుకుతెరువు కళ్ళముందే కూలిపోయింది. నిలకడగా ఒక ఊరు లేనివారు, పన్ను కట్టే భూమి లేనివారు, తిరుగుతూ ఉండేవారు అనుమానానికి సులువుగా దొరికారు. వారిలో దొంగతనాలు చేసినవారు ఉన్నారు, కాదనం. కానీ చట్టం దొంగను పట్టుకోలేదు, పుట్టుకను పట్టుకుంది.

ఈ జాబితాలో ఉన్నవారిని ఒకచోట కూర్చోబెట్టి కాపలా కాయడానికి 'సెటిల్‌మెంట్లు' పెట్టారు. మన ప్రాంతంలో స్టువర్టుపురం అలాంటిది. కృష్ణానదికి అవతలి ఒడ్డున, బెజవాడకు ఎదురుగా ఉన్న సీతానగరంలో మరొకటి ఉండేది. నెల్లూరు జిల్లా కావలిలో ఇంకొకటి. స్టువర్టుపురానికి ఆ పేరు అప్పటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్నత పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీదుగా వచ్చింది. చూడండి, అక్కడ నివసించినవారి పేరు కాదు, వారిని అక్కడ ఉంచిన ప్రభుత్వపు మనిషి పేరు!

సెటిల్‌మెంటులో హాజరు పిలిచేవారు. పిలిచినప్పుడు పలకాలి. బయటికి పోవాలంటే పాసు కావాలి. చెప్పకుండా పోతే జైలు. వేలిముద్రలు దస్త్రాలలో ఉండేవి. చీరాలలో ఉన్న పొగాకు కంపెనీకి కూలీలు స్టువర్టుపురం నుండి వెళ్ళేవారు. ఇక్కడ పుట్టిన బిడ్డకు కంచె కనబడకపోయినా గంట వినబడేది. నాన్న పేరు పిలిచినప్పుడు నాన్న గొంతులో వణుకు వినబడేది. నేరం చేసినందుకు కాదు, పుట్టినందుకు.

పిల్లల విషయం

ఇప్పుడు మేము రాయబోయేది మాకు కూడా రాయడం కష్టంగా ఉంది.

1911 చట్టంలో పిల్లల గురించి ఒక నిబంధన ఉంది. ఈ తెగల పిల్లలకోసం ప్రభుత్వం ప్రత్యేక పాఠశాలలు పెట్టవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరు చేసి అక్కడ ఉంచవచ్చు. పిల్లలంటే ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళలోపు వారు. అలా వేరుచేయడానికి ఆ బిడ్డ ఏ తప్పూ చేసి ఉండనవసరం లేదు. తల్లి ఎవరో తెలిస్తే చాలు.

స్టువర్టుపురాన్ని, సీతానగరాన్ని నడిపింది ఎవరో తెలుసా? సాల్వేషన్ ఆర్మీ, మన భాషలో రక్షణ సైన్యం. కావలిలో నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. అంటే మన విశ్వాసపు కుటుంబమే. రక్షణ సైన్యాన్ని 1882లో హిందూ దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ అంతకుముందు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. ఆ ఉద్యోగం వదులుకుని, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, బీదవారి మధ్య బ్రతికిన మనిషి. ఆయన త్యాగాన్ని మేము తక్కువ చేయం. నేరస్థుణ్ణి ఉరితీయడం, తరిమికొట్టడం కాదు, మార్చవచ్చు అని ఆయన నమ్మాడు. ఆ పద్ధతికి 'క్రిమినోక్యూరాలజీ' అని పేరుపెట్టి పుస్తకం కూడా రాశాడు. నేరం ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది అన్నది ఆయన ఆలోచన. ఆ రోజుల్లో అది కనికరంగల ఆలోచనే.

కానీ ఆ వైద్యంలోనే ఒక లోపం ఉంది. జబ్బు పిల్లవానికి తల్లి నుండి అంటుతుందని అనుకున్నారు. అందుచేత తల్లి ఒడి నుండి దూరంగా పెంచితే పిల్లవాడు బాగుపడతాడని అనుకున్నారు. బడి ఇచ్చారు, బట్ట ఇచ్చారు, పాటలు నేర్పారు. వాటి వల్ల మేలు పొందినవారు, చదువుకుని ఉద్యోగాలు చేసినవారు ఎందరో ఉన్నారు. బాపట్ల, నిడుబ్రోలు ప్రాంతాలలో రక్షణ సైన్యం ఆసుపత్రుల ద్వారా బాగుపడిన కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. దానికి దేవునికి స్తోత్రం. అయితే ఒక బిడ్డకు "నీ అమ్మే నీ జబ్బు" అని నేర్పిన తరువాత ఎంత మంచి పాట నేర్పినా, ఆ బిడ్డ రాత్రి ఎవరిని తలచుకుని పడుకుంటాడు?

వారు చెడ్డవారు గనుక ఇలా చేశారని మేము అనడం లేదు. ప్రేమతోనే చేశారు. ప్రేమతో చేసింది కూడా గాయం చేయగలదు. ఆ జైలు వరండాలో మేము మూడుసార్లు గొంతెత్తింది కూడా ప్రార్థన కోసమే గదా!

చట్టం పోయింది, పేరు మిగిలింది

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లో రద్దు చేశారు. దేశమంతటా దీనిని పరిశీలించడానికి 1949లో వేసిన సంఘానికి అధ్యక్షుడు మన తెలుగు నేల మీద, తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు. తరువాత లోక్‌సభ స్పీకరు అయినది ఆయనే. ఆ సంఘం సిఫారసు మీద 1952 ఆగస్టు 31న ఈ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే ఈ తెగలవారు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు.

కానీ దాని వెనుకనే 'అలవాటు పడిన నేరస్థుల' చట్టాలు వచ్చాయి. మద్రాసులో అలాంటి చట్టం 1948లోనే వచ్చింది. పుట్టుకతో నేరస్థులనే మాట కాగితం మీద పోయింది, పోలీసు దస్త్రాలలోనూ, మన నోళ్ళలోనూ మిగిలింది. ఎక్కడ దొంగతనం జరిగినా మొదట ఆ ఊరికే జీపు వెళ్ళేది. అర్ధరాత్రి తలుపు మీద లాఠీ చప్పుడు విని లేచిన పిల్లలు పెద్దవారయ్యారు. వారి పిల్లలు కూడా అదే చప్పుడుకు లేచారు. సినిమాలు కూడా వచ్చాయి. 1991లో ఒకటి, 2023లో ఇంకొకటి, ఈ ఊరి పేరుతోనో ఈ ఊరి దొంగ పేరుతోనో. మనం టికెట్టు కొని చూశాం. ఆ ఊరి పిల్లవాడు కాలేజీలో చేరి, మీది ఏ ఊరు అని అడిగితే ఏం చెప్పాలో తెలియక పక్క ఊరి పేరు చెప్పుకుంటే, ఆ సిగ్గు అతనిదా, మనదా?

1970లలో ఆ ఊరికి ఒక దంపతులు వెళ్ళారు. హేమలత, లవణం. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె. ఆయన విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా కుమారుడు. దొంగతనానికి అలవాటు పడినవారి ఇళ్ళకే వెళ్ళి కూర్చున్నారు, మాట్లాడారు, ఆ వృత్తి వదిలి వేరే బ్రతుకు చూసుకోవడానికి తోడుగా నిలిచారు. భార్యాబిడ్డల బాగోగులు చూశారు. ఆ పని కోసం 'సంస్కార్' అనే సంస్థను నడిపారు.

సహోదరులారా, మేము దేవుని నమ్మినవారం. వారు దేవుడు లేడన్నవారు. ఆ విషయంలో వారితో మేము ఏకీభవించలేం. కానీ సమరయుని ఉపమానం చదివినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న తొలుస్తుంది. దెబ్బలు తిని పడివున్నవాని పక్కగా యాజకుడూ లేవీయుడూ వెళ్ళిపోయారు. ఆగినవాడు వేరే మతంవాడు. మన జిల్లాలో ఆ దారిన వెళ్ళిపోయినవారు ఎవరు, ఆగినవారు ఎవరు?

చట్టం మెల్లగా నేర్చుకుంటోంది

దేవుడు కొన్నిసార్లు సంఘం కన్నా ముందు న్యాయస్థానాల చేత మాట్లాడిస్తాడు. మన రాష్ట్రం పేరుతోనే ఒక తీర్పు ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ అనే ఆయన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. తల్లితోపాటు జైలులో ఉన్న బిడ్డను ఖైదీలా చూడకూడదు. ఆ బిడ్డకు ఆహారం, వైద్యం, బట్టలు, చదువు, ఆట హక్కుగా అందాలి. సాధ్యమైనంతవరకు కాన్పు జైలు బయట జరిగేలా చూడాలి. జైలులో పుట్టినా, జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. ఆరేళ్ళు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండవచ్చు. తరువాత తల్లి కోరిక ప్రకారం తగినవారికి అప్పగించాలి, లేదా సంక్షేమ శాఖ సంస్థలో ఉంచాలి, తల్లిని కలుసుకునే వీలు ఉండాలి.

1911 చట్టంలో కూడా ఆరేళ్ళే. అక్కడ ఆరేళ్ళు దాటితే తల్లి నుండి లాగేయవచ్చు అని. ఇక్కడ ఆరేళ్ళ దాకా తల్లి నుండి లాగకూడదు, ఆపైన కూడా తల్లి మాట వినాలి అని. అంకె ఒకటే, హృదయం వేరు. ఈ రెండింటి మధ్య 95 సంవత్సరాలు గడిచాయి.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు వారిని జైలులో గానీ పోలీసు లాకప్‌లో గానీ ఉంచకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటోంది. పక్కనున్న తెలంగాణ జైళ్ళలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి మార్గదర్శకత్వంలో 'ఉన్నతి' అనే కార్యక్రమం నడిచింది. ఖైదీలు తమ కోపాన్ని, ఆలోచనలను తామే గమనించుకుని మార్చుకునేలా కౌన్సిలింగు ఇచ్చారు. 2024 అక్టోబరు 3న, సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం, కులాన్ని బట్టి విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. సంచార తెగలవారిని, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా చూసే జైలు నియమాలు చెల్లవంది. 1871లో రాసిన మాటను చెరపడానికి 2024 దాకా పట్టింది.

యోసేపును ఎవరు విన్నారు?

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. పరిశుద్ధ గ్రంథంలో చిన్నతనంలో గాయపడి, తరువాత జైలుకు వెళ్ళినవాడు ఒకడు ఉన్నాడు. యోసేపు. పదిహేడేళ్ళ వయసులో సొంత అన్నలే బట్టలు ఊడదీసి గుంటలో పడవేశారు. ఆదికాండము 37వ అధ్యాయం చదవండి. యోసేపు ఏడ్చినట్టు అక్కడ ఒక్క మాట కూడా ఉండదు. అన్నలు కూర్చుని భోజనం చేశారని మాత్రం ఉంటుంది. మరి ఆ కుర్రవాడు ఏడవలేదా? ఏడ్చాడు. ఆ సంగతి మనకు 42వ అధ్యాయంలో గానీ తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా గడిచిన తరువాత అన్నలు తమలో తాము చెప్పుకుంటారు: వాడు బ్రతిమాలుకున్నాడు, మనం వినలేదు అని. బిడ్డ మొర, విననివారి నోటనే, అంత ఆలస్యంగా బయటికి వచ్చింది.

ఆ మాట యోసేపు చెవిన పడింది. తమ భాష అతనికి తెలుసని వారికి తెలియదు. అతడు పక్కకు వెళ్ళి ఏడ్చాడు. అప్పటికి అతడు ఐగుప్తు దేశానికే అధిపతి. పెద్ద కుమారునికి మనష్షే అని పేరు పెట్టుకున్నాడు, పడిన కష్టమంతా దేవుడు మరపింపజేశాడని. మరచిపోయానని కొడుక్కి పేరు పెట్టుకున్నవాడు ఆ తరువాత అధ్యాయాలలో పదే పదే ఏడుస్తాడు. గాయం అధికారంతో పోలేదు, పేరుతో పోలేదు. గాయం చేసినవారు "మేము విన్నాం, అయినా వినలేదు" అని ఒప్పుకున్నప్పుడు ఆ కన్నీళ్ళకు దారి దొరికింది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. యోసేపు జైలులో ఉన్నప్పుడు, ఒక ఉదయం ఇద్దరు ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉండడం చూశాడు. వారిని ఏ నేరం చేసి వచ్చారని అడగలేదు. మీ ముఖాలు ఎందుకు అలా ఉన్నాయని అడిగాడు. ఈనాడు నిపుణులు చెబుతున్న ప్రశ్న అదే. గుంట ఎరిగినవానికే ఆ ప్రశ్న తెలుసు.

మనం ఏం చేద్దాం?

మొదట ఒప్పుకుందాం. స్టువర్టుపురం బిడ్డల విషయంలో ప్రభుత్వం చేసిన తప్పులో క్రైస్తవ సంఘానికి కూడా భాగం ఉంది. తండ్రుల పాపం బిడ్డలు మోయనక్కరలేదని యెహెజ్కేలు 18వ అధ్యాయం మనకు బోధిస్తుంది. ఆ వాక్యం మన చేతుల్లో ఉండగానే, తల్లిదండ్రుల పేరును బట్టి బిడ్డలకు ముద్ర వేయడాన్ని మన పెద్దలు సహించారు. ఆ ఊరి పేరుతో జోకులు వేయడం ఈ రోజుతో మానేద్దాం. మన ఇళ్ళలో పిల్లల్ని ఆ పేరుతో బెదిరించవద్దు.

రెండవది, జైలు పరిచర్యకు వెళ్ళేవారు కొన్ని సంగతులు నేర్చుకోవాలి. ఏం కేసు అని అడగవద్దు. అనుమతి లేకుండా తల మీద చేయి పెట్టవద్దు. ఆశీర్వాదం కోసం ఎత్తిన చేయి కొందరికి దెబ్బకోసం ఎత్తిన చేయిలా కనబడుతుంది. అరచి ప్రార్థించవద్దు. అందరి ముందు సాక్ష్యం చెప్పమని బలవంతం చేయవద్దు. కళ్ళు మూయమని ఆజ్ఞాపించవద్దు. ఫలానా రోజు వస్తామని చెబితే తప్పక వెళ్ళాలి, లేదంటే చెప్పవద్దు. మాట తప్పినవారిని వారు చాలామందిని చూశారు.

మూడవది, జైలుకు వెళ్ళినవారి బిడ్డలు మన సండే స్కూలులోనే ఉన్నారు. ములాఖత్‌కు వెళ్ళి వచ్చిన సోమవారం ఆ బిడ్డ బడిలో అల్లరి చేస్తే, అది అల్లరి కాకపోవచ్చు. సండే స్కూలు టీచర్లు, అమ్మగార్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఏ బిడ్డకైనా ఇంట్లో హింస జరుగుతుంటే 1098కి ఫోను చేయండి. దిగులుతో, నిద్రలేమితో బాధపడే పెద్దలు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేయించుకోండి, వైద్యుని దగ్గరకు కూడా వెళ్ళండి. ఒకటి చేస్తే రెండోది విశ్వాసం లేకపోవడం కాదు.

నాలుగవది మన ఇళ్ళకు సంబంధించినది. తాగి వచ్చి నిద్రపోతున్న బిడ్డను కొట్టే తండ్రి ఎక్కడో లేడు. అతను మన వీధిలో ఉండవచ్చు, మన బల్లలలో కూర్చుని ఉండవచ్చు. జైలు గదిలో మొదలయ్యే పరిచర్య కన్నా ఆ ఇంటి గుమ్మంలో మొదలయ్యే పరిచర్య మేలు.

ఆ కుర్రవాని సంగతి చెప్పి ముగిస్తాం. రెండు నెలల తరువాత మేము మళ్ళీ వెళ్ళాం. ఈసారి గోడ పక్కన చోటు అతనికి ముందే వదిలేశాం. "కళ్ళు తెరచి ఉంచాలనుకున్నవారు తెరచే ఉంచండి. మేము కూడా తెరచే ప్రార్థిస్తాం" అన్నాం. అతను మా వైపు చూశాడు, మేము అతని వైపు చూశాం. మాకు అలవాటు లేక మాటలు తడబడ్డాయి. ప్రార్థన అయ్యాక "తమ్ముడూ, ఆ రోజు నిన్ను గద్దించినందుకు క్షమించు" అన్నాం. అతను ఏమీ అనలేదు. అరటిపండ్లు పంచుతుంటే ఒకటి తీసుకున్నాడు. కొద్ది రోజులకు అతనికి బెయిలు వచ్చిందని విన్నాం. తరువాత ఎక్కడున్నాడో మాకు తెలియదు. ప్రతి ఆదివారం సంఘంలో కళ్ళు మూసి ప్రార్థించేటప్పుడు అతను గుర్తుకు వస్తాడు. ఈ రాత్రి అతనికి మంచి నిద్ర పట్టాలని మీరు కూడా ప్రార్థించండి.

గుంటలోని మొరను మొదటినుండి విన్న దేవుడు మన చెవులను కూడా తెరచును గాక. ఆమెన్.